మెర్జ్ కష్టాలు ఎక్కడ పుడతాయి: టీమ్‌లో సోర్స్ కంట్రోల్ పనిచేసే తీరు

కాలేజీ ప్రాజెక్టులో గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సోర్స్ కంట్రోల్ టూల్) అంటే యాడ్, కమిట్ (మార్పులను నమోదు చేయడం), పుష్ (వాటిని సర్వర్‌కు పంపడం). ఈ మూడు కమాండ్లతో నాలుగేళ్లు గడిచిపోతాయి. ఉద్యోగంలో చేరి, పదిమంది ఒకే రిపోలో (కోడ్, దాని చరిత్ర ఉండే చోటులో) పనిచేసే చోటికి వచ్చాక అసలు చిక్కులు మొదలవుతాయి. నిన్న పనిచేసిన కోడ్ ఇవాళ మాయమవుతుంది, సరిచేసిన బగ్ రెండు వారాల తర్వాత మళ్లీ వస్తుంది, రిలీజ్ ముందు రోజు మెర్జ్‌కే (మార్పులను కలపడానికే) సరిపోతుంది. వీటిలో చాలావాటికి ఎవరో ఒకరి అజాగ్రత్తను కారణంగా చూపిస్తారు. లోపల జరిగేది చూస్తే మాత్రం, ఎక్కువ సమస్యలు టీమ్ ఎంచుకున్న పద్ధతిలోనే పుడుతున్నాయని అర్థమవుతుంది.

క్లుప్తంగా: ఒకే సమయంలో వేర్వేరు చేతులు చేసిన మార్పులను కలపడమే సోర్స్ కంట్రోల్ ప్రధాన పని. అది ఎంత కష్టమవుతుందనేది టూల్ కంటే, కోడ్ మెయిన్ బ్రాంచ్‌కు, అంటే అందరి మార్పులూ చివరికి చేరే ప్రధాన వరుసకు, ఎన్నాళ్లు దూరంగా ఉందన్నదానిపై ఎక్కువగా ఆధారపడుతుంది. మెర్జ్ చేయడానికి వీల్లేని ఫైళ్లకూ, రిపోలోకి అసలు రాకూడని ఫైళ్లకూ మొదటి రోజే విడిగా ఏర్పాటు కావాలి.

తాళం నుంచి మెర్జ్ దాకా

1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కిండ్ రాసిన ఎస్‌సీసీఎస్, 1982లో పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిచీ రూపొందించిన ఆర్‌సీఎస్ అనే తొలి సోర్స్ కంట్రోల్ టూళ్లు తాళం పద్ధతిలో నడిచాయి. ఒకరు ఫైల్‌ను చెక్ అవుట్ చేస్తే, తిరిగి ఇచ్చేదాకా మిగతావారు దాన్ని మార్చడానికి లేదు. ఇందులో కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరి మార్పులు ఢీకొనడం) అన్న మాటే రాదు. కానీ తాళం వేసినవారు సెలవుపై వెళ్తే పని ఆగిపోతుంది.

1980ల చివర్లో వచ్చిన సీవీఎస్ ఆ తాళాన్ని తీసేసింది. అందరూ ఒకేసారి మార్చవచ్చు, తర్వాత మెర్జ్ చేసుకోవాలి. అయితే సీవీఎస్ ప్రతి ఫైల్‌కూ విడిగా వెర్షన్ నంబర్ ఇచ్చేది. పది ఫైళ్లు కమిట్ చేస్తుండగా నెట్‌వర్క్ తెగితే ఆరు సర్వర్‌కు చేరి, నాలుగు మిగిలిపోయేవి. 2004లో 1.0 వెర్షన్‌గా విడుదలైన సబ్‌వెర్షన్ దీన్ని సరిచేసింది: కమిట్ మొత్తంగా వెళ్తుంది, లేదా అసలు వెళ్లదు. కానీ ఏ బ్రాంచ్ (విడిగా నడిచే మార్పుల వరుస) నుంచి ఏ రివిజన్ (వెర్షన్) దాకా ఇప్పటికే మెర్జ్ అయిందో అది గుర్తుపెట్టుకునేది కాదు. ఆ సదుపాయం 2008లో 1.5 వెర్షన్‌తోనే వచ్చింది. అప్పటిదాకా రివిజన్ నంబర్లను మనుషులే రాసిపెట్టుకునేవారు. ఆ రోజుల్లో పనిచేసిన సీనియర్లకు బ్రాంచ్ అంటే ఇప్పటికీ జంకు ఉండటంలో వింతేమీ లేదు.

2005 ఏప్రిల్‌లో, లినక్స్ కెర్నల్ టీమ్ వాడుతున్న బిట్‌కీపర్ అనే సోర్స్ కంట్రోల్ టూల్ ఉచిత లైసెన్సు రద్దయ్యాక, లీనస్ టోర్వాల్డ్స్ గిట్ రాశాడు. ఇందులో ప్రతి కమిట్ ఆ క్షణాన ప్రాజెక్టు మొత్తం ఎలా ఉందో చెప్పే స్నాప్‌షాట్. దానికి 40 అక్షరాల హ్యాష్ (దాన్ని గుర్తించే కోడ్) ఉంటుంది, తన ముందు కమిట్ హ్యాష్ దాని లోపలే నమోదవుతుంది. బ్రాంచ్ అంటే ఆ హ్యాష్‌ను చూపించే ఒక చిన్న గుర్తు మాత్రమే. అందుకే గిట్‌లో బ్రాంచ్ తెరవడం క్షణంలో అయిపోతుంది. తెరవడం ఇంత తేలిక కావడంతో, బ్రాంచ్‌లను మూసేయడం వాయిదా వేసే అలవాటు టీమ్‌లలో పెరిగింది.

మూడు ప్రతుల లెక్క

మెర్జ్ చేసేటప్పుడు గిట్ రెండు బ్రాంచ్‌లతో పాటు మూడో ప్రతిని కూడా చూస్తుంది. అది ఆ రెండూ విడిపోయిన చోట ఉన్న కమిట్. దాన్నే బేస్ అంటారు. బేస్‌తో పోలిస్తే ఒక లైన్ ఒకవైపే మారితే ఆ మార్పు నిలుస్తుంది. రెండువైపులా వేర్వేరుగా మారితే, పక్కపక్క లైన్లే అయినా, అది కాన్‌ఫ్లిక్ట్ అవుతుంది. గిట్ మామూలుగా చూపించే కాన్‌ఫ్లిక్ట్‌లో ఈ బేస్ కనిపించదు. తప్పుడు రిజల్యూషన్లలో (కాన్‌ఫ్లిక్ట్ పరిష్కారాల్లో) చాలావాటికి మూలం అదే. మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్ సెట్టింగ్‌ను డిఫ్3 అని మారిస్తే అది కూడా కనిపిస్తుంది (పైన 'హెడ్' అంటే మన బ్రాంచ్, మధ్యలో బేస్, కింద కలుస్తున్న బ్రాంచ్):

<<<<<<< హెడ్
పంపు(నంబర్, సందేశం, భాష)
||||||| బేస్
పంపు(నంబర్, సందేశం)
=======
పంపు(ఫోన్, సందేశం)
>>>>>>> ఫీచర్/ఫోన్-మార్పు

మధ్య భాగం లేకపోతే ఇక్కడ రెండు అర్థాలకు తావుంది. ఒకరు 'భాష' కొత్తగా చేర్చారా, లేక ఇంకొకరు దాన్ని కావాలనే తీసేశారా? బేస్ చూడగానే సంగతి తేలిపోతుంది. ఒకవైపు 'భాష' చేరింది, మరోవైపు 'నంబర్' పేరు 'ఫోన్' అయింది. సరైన ఫలితం రెండు ప్రతుల్లోనూ లేని లైన్: పంపు(ఫోన్, సందేశం, భాష). ఎడిటర్‌లో 'మనది ఉంచు' లేదా 'వాళ్లది ఉంచు' బటన్ నొక్కితే ఈ లైన్ ఎప్పటికీ రాదు. టీమ్‌లో ప్రతి మెషీన్‌లోనూ ఈ ఒక్క సెట్టింగ్ మార్చుకోవడం మంచిది. ఖర్చు లేదు, ఫలితం అదే రోజు కనిపిస్తుంది.

రీబేస్ చేసేటప్పుడు మరో తికమక ఉంది. రీబేస్ ముందు మెయిన్ కొసకు వెళ్లి, మన కమిట్లను ఒక్కొక్కటిగా దానిపై తిరిగి పేరుస్తుంది. కాబట్టి అక్కడ 'అవర్స్' అంటే మెయిన్, 'దెయిర్స్' అంటే మన సొంత కోడ్. మెర్జ్‌లో అలవాటైన చేతితో బటన్ నొక్కితే సొంత పనే పోతుంది.

కాన్‌ఫ్లిక్ట్ రాకున్నా కోడ్ తప్పు కావచ్చు

గిట్‌కు తెలిసింది లైన్లే. వాటి అర్థం దానికి తెలియదు. ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మొత్తాన్ని రూపాయల్లో ఇచ్చే ఫంక్షన్ ఉందనుకుందాం. ఒక డెవలపర్ దాన్ని పైసల్లో ఇచ్చేలా మార్చి, దాన్ని వాడుతున్న చోట్లన్నీ సరిచేస్తారు. అదే వారం మరో బ్రాంచ్‌లో ఇంకొకరు వేరే ఫైల్‌లో జీఎస్టీ రిపోర్టు రాస్తూ, రూపాయలే వస్తాయన్న లెక్కతో అదే ఫంక్షన్‌ను పిలుస్తారు. రెండు మార్పులూ వేర్వేరు ఫైళ్లలో ఉన్నాయి. మెర్జ్ సాఫీగా జరుగుతుంది, కంపైల్ కూడా అవుతుంది, రిపోర్టులో పన్ను మాత్రం వంద రెట్లు చూపిస్తుంది.

ఇలాంటివి పట్టుకునేది మెర్జ్ అయ్యాక నడిచే టెస్టులే. టెస్టులు లేని చోట మనిషి జ్ఞాపకమే దిక్కు. ఆ మార్పు జరిగి రెండు రోజులైతే ఎవరికైనా గుర్తుంటుంది, ఆరు వారాలైతే గుర్తుండదు.

బ్రాంచ్ వయసు పెరిగితే

ఒకేసారి ఐదు బ్రాంచ్‌లు తెరిచి ఉంటే, ఒకదానితో ఒకటి తగులుకోగల జంటలు 10. పది బ్రాంచ్‌లైతే 45. పైగా ఒక్కో బ్రాంచ్‌లో మార్పులు పేరుకునే కొద్దీ ఒక్కో జంటలో కాన్‌ఫ్లిక్ట్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే టీమ్ రెట్టింపైతే మెర్జ్ బాధ రెట్టింపుతో ఆగదు.

2010 జనవరిలో విన్సెంట్ డ్రీసెన్ ప్రతిపాదించిన గిట్-ఫ్లో పద్ధతి చాలా కంపెనీల్లో ప్రామాణికంగా స్థిరపడింది. అందులో మెయిన్, డెవలప్ అనే రెండు శాశ్వత బ్రాంచ్‌లు, వాటి చుట్టూ ఫీచర్, రిలీజ్, హాట్‌ఫిక్స్ (అత్యవసర సవరణ) బ్రాంచ్‌లు ఉంటాయి. దీనిలో తరచూ జరిగే తప్పు ఒకటుంది. ప్రొడక్షన్‌లో (యూజర్లు వాడే అసలు సిస్టమ్‌లో) వచ్చిన బగ్‌కు హాట్‌ఫిక్స్ రాసి మెయిన్‌లో మెర్జ్ చేస్తారు, డెవలప్‌లో చేయడం మరిచిపోతారు. తర్వాతి రిలీజ్‌తో అదే బగ్ తిరిగొస్తుంది. కస్టమర్ దగ్గర ఏకకాలంలో పలు వెర్షన్లు నడిచే సాఫ్ట్‌వేర్‌కు గిట్-ఫ్లో సరిపోతుంది. నిత్యం డిప్లాయ్ అయ్యే (కొత్త కోడ్ సర్వర్లకు చేరే) వెబ్ అప్లికేషన్లకు ఇంతకంటే సరళమైన పద్ధతి మేలని డ్రీసెనే 2020లో తన వ్యాసానికి గమనిక చేర్చాడు.

సర్వీసెస్ ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే మరో పద్ధతి, ఎన్విరాన్‌మెంట్‌కో బ్రాంచ్: డెవ్ (డెవలపర్లది), క్యూఏ (టెస్టర్లది), యూఏటీ (క్లయింట్ పరీక్షించేది), ప్రాడ్ (ప్రొడక్షన్). యూఏటీలో క్లయింట్ ఆమోదించిన కమిట్లను మాత్రమే ఏరి, చెర్రీ-పిక్ చేసి ప్రాడ్‌లోకి పంపుతారు. వినడానికి చక్కగా ఉంటుంది. కానీ చెర్రీ-పిక్ చేసిన ప్రతిసారీ అదే మార్పుకు కొత్త హ్యాష్‌తో కొత్త కమిట్ పుడుతుంది. యూఏటీలో ఉన్న ఏ మార్పులు ప్రాడ్‌లో లేవో చెప్పడం దాంతో కష్టమవుతుంది. 'గిట్ చెర్రీ' అనే కమాండ్ మార్పు సారాన్ని పోల్చి కొంతవరకు చెబుతుంది. మధ్యలో కాన్‌ఫ్లిక్ట్ వచ్చి కోడ్ కాస్త మారితే ఆ పోలికా తప్పుతుంది.

అంతకంటే పెద్ద ఇబ్బంది ఆధారపడే కమిట్లతో వస్తుంది. రెండో కమిట్‌లో డేటాబేస్ కాలమ్ చేర్చారు, మూడో కమిట్‌లో దాన్ని వాడారు. క్లయింట్ మూడో దాన్ని మాత్రమే ఆమోదించాడు. ప్రాడ్‌కు వెళ్లిన కోడ్ అక్కడ లేని కాలమ్‌ను వెతుకుతుంది. మొత్తానికి యూఏటీలో పరీక్షించిన కాంబినేషన్ ఒకటి, ప్రాడ్‌లో నడిచేది మరొకటి. క్లయింట్ చేసిన టెస్టింగ్‌కు విలువ పోతుంది. ఒకే కమిట్ నుంచి ఒకసారే బిల్డ్ చేసి (నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసి), అదే బిల్డ్‌ను డెవ్ నుంచి ప్రాడ్ దాకా నడిపించి, సర్వర్ వివరాలను బయటి కాన్ఫిగరేషన్‌లో ఉంచితే ఈ సమస్య మొదలే కాదు.

మరో కొసన ట్రంక్ (మెయిన్ బ్రాంచ్‌కు మరో పేరు) ఆధారిత పద్ధతి ఉంది. ప్రతి ఒక్కరూ రోజుకు ఒకసారైనా మెయిన్‌లో మెర్జ్ చేస్తారు. గూగుల్‌లో ఎక్కువ భాగం కోడ్ ఒకే రిపోలో ఇలాగే నడుస్తుంది. 2015 నాటికే ఆ రిపో పరిమాణం 86 టెరాబైట్లు, అందులో దాదాపు 200 కోట్ల లైన్ల కోడ్ ఉన్నట్లు ఆ కంపెనీ ఇంజినీర్లు ప్రచురించారు. అది గిట్ కాదు, వాళ్లు సొంతంగా కట్టుకున్న పైపర్ అనే వ్యవస్థ.

పూర్తికాని ఫీచర్ మెయిన్‌లోకి వస్తే యూజర్లకు కనిపించకుండా ఫీచర్ ఫ్లాగ్ (కోడ్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వెనుక ఉంచుతారు. ఈ ఫ్లాగ్‌లకూ ఆలనాపాలనా కావాలి. 2012 ఆగస్టు 1న అమెరికా స్టాక్ ట్రేడింగ్ సంస్థ నైట్ క్యాపిటల్ కొత్త కోడ్ కోసం ఒక పాత ఫ్లాగ్‌ను తిరిగి వాడింది. 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. ఏళ్ల క్రితమే వాడకం ఆపేసినా తొలగించని కోడ్‌ను ఆ సర్వర్‌లో అదే ఫ్లాగ్ నిద్రలేపింది. సుమారు 45 నిమిషాల్లో నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. ఫీచర్ స్థిరపడగానే ఫ్లాగ్‌నూ, దాని వెనుక ఉన్న పాత కోడ్‌నూ తొలగించే పనిని అదే టికెట్‌లో భాగం చేయాలి.

రివర్ట్ చేసిన బ్రాంచ్ మళ్లీ మెర్జ్ కానప్పుడు

ఫీచర్ బ్రాంచ్ మెర్జ్ అయ్యాక ప్రొడక్షన్‌లో ఇబ్బంది వస్తే, ఆ మెర్జ్ కమిట్‌ను రివర్ట్ చేస్తారు, అంటే దాని మార్పులను వెనక్కి తిప్పే కొత్త కమిట్ వేస్తారు. మెర్జ్‌కు తల్లి కమిట్లు రెండు కాబట్టి మెయిన్ వైపు నిలబెట్టమని '-ఎం 1' అని చెప్పాలి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తర్వాత డెవలపర్ అదే బ్రాంచ్‌లో బగ్ సరిచేసి మళ్లీ మెర్జ్ చేస్తే, కొత్తగా రాసిన రెండు లైన్లే వస్తాయి. ఫీచర్ మొత్తం గల్లంతు.

గిట్ లెక్క ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. ఆ పాత కమిట్లు ఇప్పటికే మెయిన్ చరిత్రలో ఉన్నాయి, వాటిని మళ్లీ తేవాల్సిన పని దానికి కనిపించదు. రివర్ట్ వాటి ఫలితాన్నే తీసేసింది, చరిత్రలో వాటి ఉనికిని తీసేయలేదు. ముందు ఆ రివర్ట్ కమిట్‌నే రివర్ట్ చేసి, ఆ తర్వాత బ్రాంచ్ మెర్జ్ చేయాలి.

ఫోర్స్ పుష్ ఎవరి పనిని తుడిచేస్తుంది

రీబేస్ తర్వాత కమిట్లకు కొత్త హ్యాష్‌లు వస్తాయి కాబట్టి మామూలు పుష్‌ను సర్వర్ తిరస్కరిస్తుంది. అప్పుడు ఫోర్స్ (బలవంతంగా పుష్ చేసే ఆప్షన్) వాడితే సర్వర్‌లోని బ్రాంచ్ గుర్తు మన కమిట్ మీదికి జరుగుతుంది. ఈలోగా సహోద్యోగి అదే బ్రాంచ్‌లో పుష్ చేసిన కమిట్లు ఆ వరుసలోంచి తప్పిపోతాయి. '--ఫోర్స్-విత్-లీజ్' వాడితే, మనం చివరిసారి చూసిన స్థితిలోనే సర్వర్ బ్రాంచ్ ఉంటేనే పుష్ జరుగుతుంది. ఇక్కడా ఒక లొసుగుంది. ఎడిటర్ వెనకాల తనంతట తానే ఫెచ్ చేస్తుంటే (సర్వర్‌లోని కొత్త కమిట్లను దించుకుంటుంటే), మనం చూడని కమిట్లను కూడా చూసినట్లే లెక్క పడుతుంది. గిట్ 2.30 నుంచి '--ఫోర్స్-ఇఫ్-ఇన్‌క్లూడ్స్' జోడిస్తే ఆ లొసుగు మూసుకుంటుంది.

తప్పిపోయిన కమిట్లు వెంటనే నాశనం కావు. ఆ సహోద్యోగి మెషీన్‌లో 'గిట్ రీఫ్‌లాగ్' నడిపితే పాత హ్యాష్ కనిపిస్తుంది, దానిపై కొత్త బ్రాంచ్ తెరిస్తే పని తిరిగొస్తుంది. ఏ బ్రాంచ్‌కూ చెందని కమిట్ల రికార్డు రీఫ్‌లాగ్‌లో మామూలుగా 30 రోజులు ఉంటుంది. కమిట్ చేయకుండా 'రీసెట్ --హార్డ్' (ఫైళ్లను పాత కమిట్ స్థితికి తెచ్చే కమాండ్) కొట్టిన మార్పులకు ఈ రక్షణ లేదు. మెయిన్ మీద ఫోర్స్ పుష్‌ను సర్వర్‌లోనే నిషేధించడం కనీస జాగ్రత్త.

రిపోలోకి రాకూడనివి

పాస్‌వర్డ్ ఉన్న ఫైల్‌ను పొరపాటున కమిట్ చేసి, తర్వాతి కమిట్‌లో తొలగిస్తే అది చరిత్రలో అలాగే ఉంటుంది. పాత కమిట్ తెరిచిన ఎవరికైనా కనిపిస్తుంది. గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) పేరు చేర్చినా లాభం లేదు, ఎందుకంటే ఇప్పటికే ట్రాక్ అవుతున్న ఫైల్‌పై గిట్‌ఇగ్నోర్ పనిచేయదు. మొదట చేయాల్సింది ఆ పాస్‌వర్డ్ లేదా కీని రద్దుచేసి కొత్తది తీసుకోవడం. చరిత్రను ఫిల్టర్-రిపో అనే టూల్‌తో శుభ్రం చేయడం ఆ తర్వాతి పని. అప్పటికే ఎవరైనా క్లోన్ చేసి (రిపో మొత్తాన్ని కాపీ చేసుకుని) ఉంటే ఆ ప్రతులను వెనక్కి తెచ్చే మార్గం లేదు.

పెద్ద బైనరీ (టెక్స్ట్ కాని) ఫైళ్లది మరో బాధ. కంప్రెస్ అయి ఉన్న ఫైల్‌లో కాస్త మారినా లోపలి బైట్లు చాలావరకు మారిపోవచ్చు కాబట్టి, గిట్ తేడాను మాత్రమే దాచుకోవడం తరచూ కుదరదు. 60 ఎంబీ జిప్ ఫైల్‌ను 20 సార్లు మార్చి కమిట్ చేస్తే రిపో దాదాపు 1.2 జీబీ దాకా పెరగవచ్చు. కొత్తగా చేరినవారు మొదటి క్లోన్‌లో అదంతా దించుకోవాలి. గిట్ రిపోలను ఉంచే గిట్‌హబ్ సైట్ 50 ఎంబీ దాటిన ఫైల్‌కు హెచ్చరిక ఇస్తుంది, 100 ఎంబీ దాటితే తిరస్కరిస్తుంది. గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్ల కోసం గిట్‌కు జోడించే టూల్) వాడితే రిపోలో మూడు లైన్ల పాయింటర్ ఫైల్ మాత్రమే ఉంటుంది, అసలు ఫైల్ వేరే స్టోరేజ్‌లో ఉంటుంది.

ఫొటోషాప్ ఫైళ్లు, త్రీడీ మోడళ్లు, ఎక్సెల్ షీట్లు మెర్జ్ కావు. ఇద్దరు మారిస్తే ఒకరి పని పోవాల్సిందే. వీటికి పాత తాళం పద్ధతే సరైనది. గేమ్ స్టూడియోల్లో పెర్ఫోర్స్ అనే సోర్స్ కంట్రోల్ టూల్ ఇప్పటికీ నిలవడానికి ఇదో ముఖ్య కారణం. ఎల్‌ఎఫ్‌ఎస్‌లోనూ ఫైల్‌ను లాక్ చేసే కమాండ్ ఉంది.

లైన్ చివర్లు, తెలుగు పేర్లు

విండోస్‌లో లైన్ చివర రెండు బైట్లు, లినక్స్‌లో ఒకటి. ఎడిటర్ వీటిని మార్చేస్తే ఒక్క అక్షరం సరిచేసిన ఫైల్ మొత్తం మారినట్లు చూపిస్తుంది, రివ్యూ అసాధ్యమవుతుంది. రిపోలోనే గిట్‌అట్రిబ్యూట్స్ ఫైల్ పెట్టి అందులో '* టెక్స్ట్=ఆటో' అని రాస్తే అందరి మెషీన్లకూ ఒకే నియమం వర్తిస్తుంది.

తెలుగు అనువాద ఫైళ్లు ఉన్న ప్రాజెక్టుల్లో అదనంగా రెండు చిక్కులు వస్తాయి. పాత నోట్‌ప్యాడ్‌లో 'యూనికోడ్' అని సేవ్ చేస్తే ఫైల్ యూటీఎఫ్-16లో (అక్షరాలను బైట్లుగా దాచే ఒక పద్ధతిలో) ఉంటుంది. అందులో స్పేస్, లైన్ చివర వంటి గుర్తుల పక్కన సున్నా బైట్లు పడతాయి. అవి కనిపించగానే గిట్ ఆ ఫైల్‌ను బైనరీగా లెక్కగట్టి, తేడాలు చూపించడం మానేస్తుంది. యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే సరిపోతుంది. రెండోది, ఫైల్ పేరే తెలుగులో ఉంటే గిట్ స్టేటస్ దాన్ని \340\260\244 లాంటి అంకెల్లో చూపిస్తుంది. ఆ మూడూ 'త' అక్షరపు బైట్లు. కోర్ కోట్‌పాత్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే పేరు తెలుగులోనే కనిపిస్తుంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక కోడ్‌గానూ, రెండు కోడ్‌ల జంటగానూ రాయవచ్చు. గిట్ బైట్లనే పోలుస్తుంది కాబట్టి కంటికి ఒకేలా కనిపించే 'రైతు' అనే రెండు పేర్లు రెండు ఫైళ్లు కావచ్చు.

చిన్న బ్రాంచ్‌లకూ ఖర్చుంది

బ్రాంచ్ ఆయుష్షు ఒకటి రెండు రోజులకు తగ్గిస్తే కాన్‌ఫ్లిక్ట్‌లు తగ్గుతాయి, ఆ భారం రివ్యూ మీద, టెస్టుల మీద పడుతుంది. పుల్ రిక్వెస్ట్ (మార్పును మెయిన్‌లో కలపమని కోరే అభ్యర్థన) రెండు రోజులు రివ్యూ కోసం ఎదురుచూస్తే చిన్న బ్రాంచ్ కూడా పాతబడుతుంది. 200 లైన్ల మార్పు అదే రోజు చదవవచ్చు. 2,000 లైన్లది చదివామని చెప్పేవారు చాలావరకు పైపైన చూసి ఆమోదిస్తారు.

విడివిడిగా టెస్టులు పాసైన రెండు పుల్ రిక్వెస్ట్‌లు కలిశాక ఫెయిల్ కావచ్చు. పైన చెప్పిన రూపాయలు, పైసల కేసు అలాంటిదే. దీనికోసమే మెర్జ్ క్యూ వచ్చింది. తనకంటే ముందున్న మార్పులన్నీ కలిపాక టెస్టులు పాసైతేనే ఒక మార్పు మెయిన్‌లోకి వెళ్తుంది. అయితే టెస్టులకు 20 నిమిషాలు పడితే, రోజుకు 30 పుల్ రిక్వెస్ట్‌లను ఒక్కొక్కటిగా నడపడానికి 10 గంటలు కావాలి. అందుకే ఐదారింటిని ఒక గుంపుగా నడుపుతారు. గుంపు ఫెయిలైతే సగానికి విడగొట్టి దోషిని వెతుకుతారు. నిలకడలేని ఒక్క టెస్టు, అంటే ఒకసారి పాసై మరోసారి ఫెయిలయ్యేది, ఈ క్యూ మొత్తాన్ని పదేపదే ఆపేస్తుంది. క్యూ పెట్టే ముందు అలాంటి టెస్టులను గుర్తించి సరిచేయాలి, లేదా పక్కన పెట్టాలి.